మిస్త్రీ ఉన్నడా?

దబీర్‌పురా రైల్వే స్టేషన్ దాటి మొదటి గల్లీలోకి తిరిగితే ఒక రేకుల షెడ్డు ఉండేది. దానికి బోర్డు లేదు. అవసరమూ పడలేదు. అక్కడ ఆగిన ప్రతి డ్రైవరూ బండి దిగకముందే ఒకటే కేక వేసేవాడు: "మిస్త్రీ ఉన్నడా?" లోపలినుంచి ఇశ్రాయేలు "ఉన్న, రా భాయ్" అనేవాడు. డెబ్భైల్లో ఆ చుట్టుపక్కల బ్రేకుల పనంటే ఇశ్రాయేలు పేరే చెప్పేవాళ్లు. అతను ఇంజను విప్పడు, గేరుబాక్సు ముట్టడు. "నడిపిచ్చేటోళ్లు మస్తుమంది ఉన్నరు, ఆపేటోన్ని నేనొక్కన్నే" అని మీసం దువ్వుకునేవాడు. మనిషి కొంచెం గొప్పలకు పోయేవాడే, కానీ పనిలో వంక పెట్టడానికి ఉండేది కాదు.

ఆ గొప్పలో సగం వాటా అతని భార్య రాహేలుది. ఈ సంగతి గల్లీలో ఎవరికీ పట్టలేదు.

షెడ్డుకు వెనక గదే వాళ్ల ఇల్లు. పెళ్లయిన కొత్తలో, వంట అయ్యాక గోడకేసి చూస్తూ కూచోవడం చేతకాక, రాహేలు మొగుడి చేతిలో సుత్తి తీసుకుంది. మళ్లీ తిరిగి ఇవ్వలేదు. గడప పక్కన రైలు పట్టా ముక్క ఒకటి వేసుకుని, దాని మీద బ్రేకు షూలు పెట్టి కొట్టేది. షూ అంటే చక్రం డ్రమ్ములో ఉండే వంపు తిరిగిన ఇనుప ముక్క. దాని వీపు మీద లైనరు ఉంటుంది. లైనరు వెళ్లి డ్రమ్మును ఒరుసుకుంటేనే చక్రం ఆగుతుంది. అరిగిన లైనరు ఊడగొట్టి, కొత్తది ఇత్తడి రివెట్లతో బిగించడం రాహేలు పని. ఒక్క రివెటు తల పైకి తేలినా డ్రమ్మును గీకి పారేస్తుంది. ఆమె కళ్లు మూసుకుని లైనరు మీద బొటనవేలు నడిపించేది. బియ్యంలో రాయి దొరికినట్టు తేలిన రివెటు వేలికి దొరికిపోయేది. షెడ్డులో మొగుడు ఆ షూలు బండికి ఎక్కించి శభాష్ అనిపించుకునేవాడు. పాపం, అతను అప్పుడప్పుడు గదివైపు చూసి నవ్వేవాడు. డ్రైవర్లకు ఆ నవ్వు ఎందుకో తెలిసేది కాదు.

ఆ తర్వాత ఒకరోజు పొద్దున ముఖం కడుక్కుంటూ ఇశ్రాయేలు పడిపోయాడు. పక్షవాతం. ఉస్మానియా ఆస్పత్రిలో ప్రాణం దక్కింది కానీ కుడి పక్క పోయింది. కుడి చెయ్యి పిడికిలి బిగుసుకుపోయి ఉండిపోయింది. నోట్లో మాట సగం వచ్చి సగం లోపలే ఆగేది. షెడ్డు గుమ్మంలో నులక మంచం వేసి అతన్ని కూచోబెట్టింది రాహేలు. చుట్టాలంతా సామాన్లు ఎవరికైనా అప్పజెప్పి ఏదన్నా ఇంట్లో పనికి కుదురుకోమన్నారు. ఆమె ఊఁ కొట్టి, మర్నాడు చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని షెడ్డు తలుపులు తీసింది.

తెరవడమైతే తెరిచింది కానీ బండ్లు రావాలి కదా. గల్లీలో కేక మాత్రం పాతదే. "మిస్త్రీ ఉన్నడా?" రాహేలు "ఉన్నడు" అనేది. మంచంలో ఉన్నాడు కాబట్టి అబద్ధం కాదు. డ్రైవరు బండి దిగి, మంచాన్నీ ఆమెనూ చూసి, "మంచిగైనంక వస్త" అని పోయేవాడు. ఉర్దూలో అడిగేవాళ్లతో ఈ చిక్కు లేదు. బార్కస్ నుంచి జీపు తెచ్చే పెద్దమనిషి "మిస్త్రీ హై?" అనేవాడు. ఆ "హై"లో ఆడా మగా ఇద్దరూ సర్దుకుని కూచోవచ్చు. మన తెలుగే, మాట చివర "డు" పెట్టి తలుపు వేసేసింది. ఆ పెద్దమనిషి కూడా షూలు మాత్రం ఆమె చేతికిచ్చి, బండికి ఇంకెక్కడో ఎక్కించుకునేవాడు. ఆడమనిషి బండి కిందికి దూరడం చూడలేడట!

రాహేలుకు అదే ఉక్రోషం. తన చేతి లైనరు బిగిసిన చక్రాన్ని తను ముట్టకూడదా? ఇంకెవడో అడ్డదిడ్డంగా ఎక్కించి, బ్రేకు పట్టకపోతే "లైనర్లు మంచిగ లెవ్వు" అంటాడు. ఒక్క బండి, ఒకే ఒక్క బండి మొదట్నుంచి చివరిదాకా తన చేత్తో చేసి రోడ్డు మీదికి పంపితే షెడ్డు నిలబడుతుంది. లేకపోతే చుట్టాలు చెప్పినట్టే మూసుకోవాలి. ఇది ఆమెకు బాగా తెలుసు.

ఆ ఒక్క బండి తెచ్చినవాడు ఎల్లప్ప. పప్పుల టోకు వ్యాపారి వెంకటనారాయణ దగ్గర నల్ల అంబాసిడర్ తోలేవాడు. ఇశ్రాయేలును అన్నా అని పిలిచేవాడు కాబట్టి రాహేలు అతనికి వదినె. మనిషి మంచివాడే కానీ బద్ధకస్తుడు. ఇంకో షెడ్డుకు పోయి లైన్లో నిలబడటం కన్నా వదినెను నమ్మడమే సులువనుకున్నాడు.

"ఎనక చక్రాల లైనర్లు అరిగినయి వదినె. చేస్తవా?"

"చేస్త. ఎక్కిచ్చుడు గూడ నేనే ఎక్కిస్త. ఒప్పుకుంటెనే షూలు ముడ్త."

ఎల్లప్ప తల గోక్కున్నాడు. "మా సేట్‌కు చెప్పకు" అన్నాడు. అంతే ఒప్పందం.

జాకీ ఎత్తింది, చక్రాలు ఊడదీసింది, లైనర్లు కొట్టింది, ఎక్కించింది. ఇశ్రాయేలు మంచంలోంచి కళ్లతోనే పని చూశాడు. స్టేషన్ దాకా తోలుకుపోయి ఎల్లప్ప బ్రేకు తొక్కి చూస్తే బండి ఉన్నచోట ఆగింది. అతను పొంగిపోయి వచ్చాడు. రాహేలుకు ఆ పూట అన్నం సహించలేదు. సంతోషం పట్టలేక!

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఎల్లప్ప డిక్కీలో ఎప్పుడూ ఒక రాయి ఉండేది. గుమ్మడికాయంత నల్లరాయి. ఎక్కడ బండి నిలిపినా హ్యాండ్ బ్రేకు మీద చెయ్యి వేసేవాడు కాదు. దిగి చక్రం వెనక రాయి పెట్టేవాడు. ఆ రోజుల్లో సగంమంది డ్రైవర్లది ఇదే పద్ధతి. కాలి బ్రేకు పోతే ఊరంతా లొల్లి చేస్తారు, చేతి బ్రేకు పోతే రాయి వెతుక్కుంటారు. అందుకే ఆ రోజు చేతి బ్రేకు పట్టిందో లేదో ఎల్లప్ప చూడలేదు. రాహేలుకూ చూడాలని తోచలేదు. మొగుడు పని చేసేటప్పుడు షెడ్డు ముందు ఆగిన బండికి రాయి పెట్టడమే ఆమె చూసింది మరి.

ఆ వారంలోనే వెంకటనారాయణ తల్లి నాగమణమ్మ ఫలక్‌నుమాలో ఉన్న చెల్లెలింటికి బయల్దేరింది. చెల్లెలికని పప్పుల సంచి ఒకటి డిక్కీలో వేసేటప్పుడు, చోటు చాలక ఎల్లప్ప రాయిని తీసి దుకాణం ముందు పడేశాడు. ఫలక్‌నుమా గుట్ట ఎక్కుడు మీద, చెల్లెలింటి ముందు, రాయి లేక హ్యాండ్ బ్రేకు లాగి దిగాడు. సంచి భుజానికెత్తుకునే లోపే బండి మెల్లగా వెనక్కి నడవడం మొదలుపెట్టింది. వెనక సీట్లో నాగమణమ్మ "ఓరి ఎల్లిగా! ఓరి ఎల్లిగా!" అని కేకలు. దేవుడి దయవల్ల కిందనున్న మట్టిగోడకు ఆనుకుని ఆగింది. ఆమెకు దెబ్బ తగల్లేదు కానీ గుండెదడ తగ్గడానికి సాయంత్రం పట్టింది.

వెంకటనారాయణ ఆరా తీశాడు. బ్రేకులు ఎవరు చేశారో తెలిసిపోయింది. ఎల్లప్ప తలకాయ వేలాడేసుకుని షెడ్డుకొచ్చాడు.

"వదినె, కొంప మునిగింది. చేతి బ్రేకు పట్టలే. ఆడమనిషి చేసిన బ్రేకుకు మా అమ్మను బలి ఇస్తవారా అని సేట్ మీదికొచ్చిండు. శుక్రవారం అమ్మ మళ్ల ఫలక్‌నుమా పోతది. గప్పుడు గిట్ల జారిందంటే నా నౌకరీ పాయె. బజార్ల ఒక్క బండి గూడ నీ షెడ్డు దిక్కు రానియ్య అన్నడు."

రాహేలు చేతిలోని సుత్తి పక్కన పెట్టింది. "బండి లోపలికి తే" అంది.

హ్యాండ్ బ్రేకు లాగి చూసింది. నిజమే, దమ్ము లేదు. పిడి పైకి లాగితే కింద ఒక కేబుల్ సాగి, వెనక రెండు డ్రమ్ముల్లోనూ చిన్న లివర్లను గుంజుతుంది. ఆ లివర్లు షూలను డ్రమ్ముకేసి నెడతాయి. పట్టకపోతే ఎవరైనా ఏం చేస్తారు? కేబుల్ బిగిస్తారు. ఆమె కూడా కిందికి దూరి పానాతో బిగించింది. ఎల్లప్ప బండి కంచన్‌బాగ్ దాకా తోలి తిరిగొచ్చేసరికి వెనక చక్రాలు పెనంలా కాలుతున్నాయి, మాడు వాసన గల్లీ అంతా పట్టింది. లైనర్లు ఊరికే ఒరుసుకుంటున్నాయి. సరే, అంత బిగిసిందాయె, వాలు మీద ఆగుతుందా అని స్టేషన్ పక్క వాలుకు తీసుకుపోతే, అక్కడా జారింది! కాలేటప్పుడు పట్టుకుంటుంది, ఆగమంటే వదిలేస్తుంది. ఇదేం మాయ?

మర్నాడు షూలు మళ్లీ విప్పింది. లైనర్ల మీద బొటనవేలు నడిపింది. ఒక్క రివెటు తేలలేదు. డ్రమ్ములు చూసింది. నూనె చుక్క లేదు. తనకు తెలిసిందంతా అయిపోయింది. గురువారం సాయంత్రం షూలు చేత పట్టుకుని మంచం దగ్గరికి వెళ్లింది.

"ఏమయ్యా, చేతి బ్రేకు పడ్తలేదు. బిగిస్తే కాల్తుంది, ఆగుమంటే జారుతుంది. ఏం చెయ్యాలె?"

ఇశ్రాయేలు పెదవులు కదిపాడు. నరాలు తేలేలా కష్టపడ్డాడు. ఒక్క మాట బయటికొచ్చింది.

"ఇడువు."

"ఏందీ?"

"ఇడువు... ముందుగాల... ఇడువు."

రాహేలుకు తల కొట్టేసినట్టయింది. విడిచిపెట్టు అంటున్నాడు. చుట్టాలన్నారు, గల్లీ అంది, సేట్ అన్నాడు. ఇప్పుడు పెళ్లినాటి నుంచీ తన సుత్తి చప్పుడు విన్న మనిషీ అదే అంటున్నాడు. "నువ్వు గూడ గట్లనే అంటివా?" అంది. షూలు అక్కడే పెట్టి గదిలోకి వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది. ఇశ్రాయేలు అటునుంచి ఏదో అనబోయి, మాట రాక, ఎడమ చేత్తో మంచం పట్టెను కొట్టాడు. ఆమె వినిపించుకోలేదు. కోపం వస్తే రాహేలుకు చెవులు పనిచేయవు.

కోపమున్నా తెల్లారితే నూనె గిన్నె తప్పదు. రోజూ పొద్దున అతని కుడి పిడికిలికి ఆముదం రాసి, బిగుసుకున్న వేళ్లు ఒక్కొక్కటీ విప్పాలి. విప్పితేనే ఆ చేత్తో చాయ్ గ్లాసు పట్టుకోగలడు. ఆ శుక్రవారం ఆమె ముభావంగా గిన్నె తెచ్చి పెట్టి, చాయ్ కోసం లోపలికి వెళ్లింది. చాయ్ తేగానే ఇశ్రాయేలు నూనె రాసేదాకా ఆగలేదు. నూనె రాయని ఆ బిగిసిన పిడికిలినే ముందుకు చాపి, గ్లాసు వైపు పొడిచాడు. గ్లాసు జారింది. చాయ్ ఒలికింది.

"ఏం ఆత్రమయ్యా నీకు!" అని కసురుకుంది రాహేలు. "మూసుకున్న చెయ్యి ఏం పడ్తది? ముందుగాల ఇప్పాలె కదా, గప్పుడు గదా..."



ఇశ్రాయేలు ఆమెనే చూస్తున్నాడు. పిడికిలి ఆమె ముందు ఆడించి, వంకరపోయిన నోటితో మళ్లీ అన్నాడు. "ఇడువు. ముందుగాల... ఇడువు."

అతను పని విడువమనలేదు. కేబుల్ విడువమన్నాడు!

ఒలికిన చాయ్ అలాగే వదిలేసి బండి కిందికి పరుగెత్తింది రాహేలు. లోపల ఏం జరిగిందో ఇప్పుడు ఆమెకు అరచేతిలో కనబడినట్టు కనబడింది. లైనర్లు అరుగుతున్న కొద్దీ చక్రం దగ్గర సర్దాల్సింది పోయి, ఎవరో కేబుల్‌నే బిగిస్తూ వచ్చారు. పాత లైనర్లకు అది ఎలాగో చెల్లింది. కొత్తవి ఎక్కించాక, డ్రమ్ములోని లివర్లు విశ్రాంతిగా వెనక్కి వాలాల్సింది పోయి, ముందే సగం గుంజుకుని కూచున్నాయి. షూలు వాటి చోట అవి కూచోనేలేదు. సగం మూసుకున్న పిడికిలి అది. ఇంక దేన్ని పడుతుంది? తను దాన్ని ఇంకా బిగించింది.

షూలు మళ్లీ ఎక్కించి, డ్రమ్ములు మూసి, కేబుల్ పూర్తిగా వదిలేసింది. అది వేలాడేంత. లోపల లివరు "టక్కు"మని తన చోటికి వెళ్లడం వినపడింది. అప్పుడు చక్రం వెనక పళ్లెంలో ఉన్న, షూలను డ్రమ్ముకు దగ్గరగా జరిపే అడ్జస్టరు తిప్పింది. చక్రం తిరగనని మొరాయించేదాకా తిప్పి, అప్పటికే బండి కోసం వచ్చిన ఎల్లప్పతో బ్రేకు ఒకసారి తొక్కించి, మళ్లీ చక్రం హాయిగా తిరిగేంత వరకే వెనక్కి వదిలింది. రెండో చక్రానికీ అంతే. అంతా అయ్యాకే కేబుల్ ముట్టింది. కొంచెం, మరి కొంచెం. హ్యాండ్ బ్రేకు పిడి నాలుగైదు పళ్లు పైకొచ్చేసరికి చక్రాలు రెండూ రాయిలా నిలిచాయి. కిందికి వదిలితే బొంగరంలా తిరిగాయి.

"గీ కేబుల్ ఎవరు బిగిచ్చిండ్రు ఇన్నొద్దులు?" బండి కిందినుంచే అడిగింది.

ఎల్లప్ప నీళ్లు నమిలాడు. "లూజ్ అనిపిచ్చినప్పుడల్ల నేనే జర ఒక చుట్టు తిప్పెటోన్ని వదినె. పట్టకుంటె రాయి ఉండె గద."

ఆమె బయటికొచ్చి, బండిలో ఉన్న అతని పానా తీసి తన సామాన్లలో వేసుకుంది. దానికన్నా రెండు తిట్లు తిట్టినా బాగుండు అనుకున్నాడు ఎల్లప్ప.

మధ్యాహ్నం నాగమణమ్మను తీసుకుని బండి షెడ్డు ముందుకొచ్చింది. రాహేలు చేతులు తుడుచుకుని, "నేను గూడ వస్త" అని ముందు సీట్లో కూచుంది. వెనక నుంచి నాగమణమ్మ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. "నువ్వేనానే నన్ను గోడకు గుద్దిచ్చింది?" అంది. "నేనేనమ్మా" అంది రాహేలు. ముసలామెకు ఆ జవాబు నచ్చినట్టుంది.

ఫలక్‌నుమా ఎక్కుడు మీద, అదే ఇంటి ముందు, ఎల్లప్ప హ్యాండ్ బ్రేకు లాగాడు. లాగాడన్నమాటే కానీ కాలు బ్రేకు మీంచి తియ్యడు. "కాలు తియ్యి ఎల్లప్పా" అంది రాహేలు. తీశాడు. తీసిందే తడవుగా దిగి డిక్కీ వైపు ఉరికాడు. ఈసారి రాయి మరిచిపోలేదు మరి! రెండు చేతులా ఎత్తుకుని చక్రం దగ్గరికి వచ్చేసరికి, రాహేలు అడ్డం వచ్చి అతని చేతుల్లోంచి రాయి తీసుకుంది. రోడ్డు పక్కన వేసింది. దాని మీద కూచుంది.

ఎల్లప్ప నోరు వెళ్లబెట్టాడు.

బండి కదల్లేదు. లోపల నాగమణమ్మ ముందు సీటును గట్టిగా పట్టుకుని కూచుంది. ఒక ఎద్దుబండి ఎక్కుడు ఎక్కి పక్కనుంచి వెళ్లిపోయింది. రాహేలు పైకి మాత్రం పొలం గట్టు మీద కూచున్నట్టు కూచుంది. ఆ చక్రం ఒక్క వేలెడు వెనక్కి తిరిగితే తన షెడ్డు లేదు. చక్రం మీది బురద చుక్కనే చూస్తూ కూచుంది. అది ఉన్నచోటే ఉంది.

చాలాసేపటికి నాగమణమ్మ సీటు వదిలింది. కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇటు రా బిడ్డా" అని పిలిచింది. రాహేలు వెళ్తే చెయ్యి చాపింది. నూనె మరకల చెయ్యి ఎలా ఇవ్వాలా అని రాహేలు వెనకాడింది. ముసలామె తనే ఆ చెయ్యి పట్టుకుని, దాని మీద బరువంతా వేసి దిగింది. "పట్టు గట్టిగనే ఉన్నదే నీది" అంది. ఎల్లప్ప వైపు తిరిగి, "ఏందిరా గట్ల చూస్తున్నవ్, సంచి దించు" అని ఒక్క కసురు కసిరింది.

రాయి ఆ రోడ్డు పక్కనే ఉండిపోయింది. తర్వాత ఎల్లప్ప ఎప్పుడూ వెతకలేదు.

వెంకటనారాయణ ఏమన్నాడో తెలియదు. వ్యాపారస్తుడు, అంత సులభంగా బయటపడడు. కానీ తర్వాతి వారంలో అతని సరుకు తిప్పే వ్యాను గల్లీలోకి తిరిగింది. దాని వెనక ఎవరో టాక్సీ కూడా. బార్కస్ పెద్దమనిషి షూలు చేత పట్టుకుని కాకుండా జీపులోనే వచ్చి, బండి కిందికి ఆమె దూరుతుంటే మర్యాదగా అటు తిరిగి నిలబడి బీడీ కాల్చుకున్నాడు.

రాహేలు వ్యాను కింద ఉంది. ఒళ్లంతా నల్లగా, పానా చేతిలో, నోట్లో రెండు రివెట్లు. గల్లీలో ఇంకో బండి ఆగింది. ఎవరో కొత్త డ్రైవరు దిగకముందే అలవాటు చొప్పున కేక వేశాడు.

"మిస్త్రీ ఉన్నడా?"

ఎప్పటిలాగే "ఉన్నడు" అందామని రాహేలు రివెట్లు ఉమ్మేసింది. అంతలో గుమ్మంలో మంచం కిర్రుమంది. ఇశ్రాయేలు ఎడమ చేత్తో పట్టె పట్టుకుని నిటారుగా కూచున్నాడు. నోరు వంకర పోతున్నా, నరాలు తేలుతున్నా, ప్రతి అక్షరం విడిగా పలికాడు.

"ఉ... న్న... ది."